కుంగుబాటు చికిత్సలో సంస్కృతి: చికిత్సకులకు ఏమి నేర్పాలి?

1. పరిచయం

గత పాఠంలో మీరు కుంగుబాటు లక్షణాలను, దానికి చేసే మనోచికిత్సలలో ముఖ్యమైన రెండింటిని తెలుసుకున్నారు. ఒకటి, ఆరన్ బెక్ 1960ల నుంచి ఫిలడెల్ఫియాలో రూపొందిస్తూ వచ్చిన సంజ్ఞానాత్మక చికిత్స. రెండవది, జెరాల్డ్ క్లెర్మన్, మిర్నా వైస్‌మన్ అభివృద్ధి చేసిన అంతర్వ్యక్తి చికిత్స. ఇవి పనిచేస్తాయని చెప్పడానికి కావలసినన్ని పరిశోధనలు ఉన్నాయి. అయితే ఆ పరిశోధనలలో పాల్గొన్నవారు ఎవరు? వారికి పనిచేసిన చికిత్స, వారి భాష మాట్లాడనివారికి, వారిలా బతకనివారికి కూడా అలాగే పనిచేస్తుందా? పనిచేయాలంటే చికిత్స చేసేవారికి ఏమి నేర్పాలి? ఈ పాఠంలో ఈ ప్రశ్నలను పరిశీలిద్దాం.

ఉదాహరణలలో ఎక్కువ భాగం అమెరికా నుంచి తీసుకున్నాను. నల్లజాతివారు, స్పానిష్ మాట్లాడే లాటినోలు, ఆసియా నుంచి వలస వచ్చినవారు, అక్కడి మూలవాసులు, తెల్లజాతివారు ఒకే ఆసుపత్రి గుమ్మం తొక్కే దేశం అది. చికిత్సకుల శిక్షణ గురించిన చర్చ విస్తారంగా సాగిన దేశాలలో కూడా అది ఒకటి. మరొక కారణం మీరు ఊహించగలరు. న్యూజెర్సీలోనో టెక్సాస్‌లోనో ఉన్న కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్ళిన తెలుగు తల్లిదండ్రులు ఆ గుమ్మం ముందు నిలబడుతున్నవారిలో ఉన్నారు.

2. లెక్కల్లో లేని రోగులు

2001లో అమెరికా సర్జన్ జనరల్ డేవిడ్ సాచర్ మానసిక ఆరోగ్యం, సంస్కృతి, జాతి అనే అంశాలపై ఒక నివేదిక విడుదల చేశారు. అల్పసంఖ్యాక వర్గాలవారికి మానసిక చికిత్స తక్కువగా అందుతోందని, అందినచోట కూడా నాణ్యత తక్కువగా ఉంటోందని అందులో తేల్చి చెప్పారు. ఆ నివేదికలోని ఒక లెక్కను మీరు గుర్తుంచుకోవాలి. కుంగుబాటుతో సహా నాలుగు ప్రధాన రుగ్మతలకు ఏ చికిత్స చేయాలో నిర్దేశించే మార్గదర్శకాలు 1986 తర్వాత జరిగిన ప్రయోగాల మీద ఆధారపడ్డాయి. వాటిలో దాదాపు 10 వేల మంది పాల్గొన్నారు. వారిలో సుమారు సగం మంది జాతి ఏమిటో ఎవరూ నమోదు చేయలేదు. నమోదైన మేరకు నల్లజాతివారు 561 మంది, లాటినోలు 99 మంది, ఆసియా, పసిఫిక్ ద్వీపాల మూలాలున్నవారు 11 మంది. అమెరికా మూలవాసులు ఒక్కరు కూడా లేరు.

‘ఆధారాలున్న చికిత్స’ అనే మాట మీకు ఈ కోర్సులో పదేపదే ఎదురవుతుంది. ఎవరి నుంచి వచ్చిన ఆధారాలు అని ప్రతిసారీ అడగండి.

చికిత్స చేసేవారి సంగతీ అంతే. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ లెక్కల ప్రకారం 2015లో ఆ దేశంలో పనిచేస్తున్న మనోవిజ్ఞానవేత్తలలో 86 శాతం తెల్లజాతివారు. నల్లజాతివారు 4 శాతం. అంటే నల్లజాతి రోగి చికిత్స కోసం వెళ్తే ఎదురుగా కూర్చునేది చాలావరకు తెల్లజాతి వ్యక్తే.

ఆ గదిలోకి రోగి ఒంటరిగా రాడు, చరిత్రను వెంటబెట్టుకుని వస్తాడు. 1851లో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే వైద్యుడు, యజమాని దగ్గరినుంచి పారిపోవాలనుకునే బానిసకు ఉన్నది ఒక మానసిక వ్యాధి అని రాసి, దానికి ‘డ్రాపెటోమేనియా’ అని పేరు పెట్టాడు. స్వేచ్ఛ కోరుకోవడమే జబ్బు అన్నమాట! ఇది మరీ పాతకాలపు సంగతి అనుకుంటే, అలబామాలోని టస్కెగీ ప్రయోగాన్ని చూడండి. 1932 నుంచి 1972 వరకు అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య విభాగం అక్కడ సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి పురుషులకు అసలు జబ్బు సంగతి చెప్పకుండా, అది ఎలా ముదురుతుందో గమనిస్తూ కూర్చుంది. 1940లలో పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా ఇవ్వలేదు. దానిని పత్రికలు బయటపెట్టేనాటికి పుట్టి ఉన్నవారు ఈనాటికీ ఆసుపత్రులకు వస్తున్నారు. అటువంటి ఇంటి నుంచి వచ్చిన మనిషి తన మనసులోని మాట మొదటి రోజే చెప్పకపోతే, దానిని ‘అనుమానపు స్వభావం’ అని కేస్‌షీట్‌లో రాయడం ఎంత సులువో, ఎంత తప్పో ఆలోచించండి.

ఈ తప్పు నిజంగానే జరుగుతోంది. నల్లజాతి రోగులలో కుంగుబాటు వంటి భావోద్వేగ రుగ్మతలను గుర్తించకుండా, వారికి స్కిజోఫ్రీనియా అని నిర్ధారించడం తెల్లజాతి రోగులలో కంటే ఎక్కువగా జరుగుతోందని అమెరికాలో అనేక అధ్యయనాలు చూపాయి. నిర్ధారణ మారితే మందు మారుతుంది, ఆ మనిషి భవిష్యత్తు మీద వైద్యుడి అంచనా మారుతుంది, ఇంట్లోవారు చూసే చూపు కూడా మారుతుంది.

3. బాధ మాట్లాడే భాష

1980 ప్రాంతంలో ఆర్థర్ క్లైన్‌మన్ అనే అమెరికన్ మనోవైద్యుడు చైనాలోని చాంగ్షా నగరంలో, హునాన్ వైద్య కళాశాలలో ఒక అధ్యయనం చేశారు. అక్కడి వైద్యులు ‘షెన్‌జింగ్ ష్వైరువో’, అంటే నరాల బలహీనత అని నిర్ధారించిన 100 మంది రోగులను ఆయన పరీక్షించారు. తలనొప్పి, నిద్రలేమి, కళ్ళు తిరగడం, నీరసం వారు చెప్పుకున్న బాధలు. అమెరికన్ ప్రమాణాల ప్రకారం చూస్తే ఆ 100 మందిలో 87 మందికి తీవ్రమైన కుంగుబాటు ఉంది. కానీ వారు డాక్టరు దగ్గరికి వచ్చింది ‘విచారంగా ఉంది’ అని చెప్పడానికి కాదు.

దీనిని చాలా పుస్తకాలు ‘ఆసియావాసులు మానసిక బాధను శారీరక బాధగా మార్చుకుంటారు’ అని ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. ఈ వాక్యాన్ని నేను ఒప్పుకోను. సాంస్కృతిక విప్లవం నాటి చైనాలో మనసు బాగాలేదని చెప్పుకోవడం రాజకీయంగా ప్రమాదకరమైన పని. తలనొప్పి అని చెప్పుకుంటే సెలవు దొరుకుతుంది, పని మారే అవకాశం దొరుకుతుంది. రోగి ఎంచుకున్న భాష వెనుక పరిస్థితి ఉంది. క్లైన్‌మన్ గమనించిన మరో విషయం కూడా దీన్నే చెబుతుంది. కుంగుబాటు మందులతో లక్షణాలు తగ్గినా, ఉద్యోగంలో, ఇంట్లో ఉన్న చిక్కులు తీరనంతవరకు చాలామంది తమకు నయమైందని అనుకోలేదు. ఇంకో తమాషా ఏమిటంటే, ‘నరాల బలహీనత’ అనే ఈ నిర్ధారణకు 1869లో ప్రచారం తెచ్చినవాడు జార్జ్ బియర్డ్ అనే అమెరికన్ వైద్యుడే. అది సముద్రాలు దాటి చైనా చేరి అక్కడ స్థిరపడింది. పుట్టిన దేశం మాత్రం 1980లో తన నిర్ధారణ గ్రంథం నుంచి దానిని తీసేసింది.

లాటిన్ అమెరికా వారు ‘నెర్వియోస్’ అంటారు. కొరియన్లు మింగుకున్న కోపం జబ్బుగా మారిందని చెప్పడానికి ‘హ్వాబ్యుంగ్’ అంటారు. జింబాబ్వేలోని షోనా భాషలో ‘కుఫున్గిసిసా’ అంటే మితిమీరి ఆలోచించడం. మరి మన భాషలో? ఒళ్ళంతా నీరసం, కాళ్ళూ చేతులూ లాగడం, అరికాళ్ళ మంటలు, గుండె దడ, తల దిమ్ముగా ఉండటం. ఇవి శరీరం వైపు మాటలు. ఏమీ తోచడం లేదు, మనసు మనసులో లేదు, దిగులు, బెంగ. ఇవి మనసు వైపు మాటలు. తెలుగువారు ఒకే వాక్యంలో రెండు వైపుల మాటలూ కలిపి వాడతారు. మనసును, ఒంటిని విడదీసి అడిగే ప్రశ్నావళి ముందు తడబడతారు.

‘బెంగ’ అనే మాటను గమనించండి. దిగులు కారణం తెలియకుండా కూడా పట్టుకోవచ్చు. బెంగకు మాత్రం దాదాపు ఎప్పుడూ ఒక మనిషో ఒక ఊరో ఉంటుంది. తల్లి మీద బెంగ, ఇంటి మీద బెంగ. ఆ మాటలోనే జబ్బుకు కారణం, నయం కావడానికి దారి రెండూ ఇమిడి ఉన్నాయి. దుబాసీ దానిని ఇంగ్లీషులో ‘ఆందోళన’ అనే అర్థం వచ్చే మాటతో చెప్పేస్తే ఆ రెండూ పోతాయి.

(ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మీ ఊళ్ళో, మీ ఇంట్లో పెద్దవారు మనసు బాగాలేనప్పుడు వాడే మాటలు ఐదు రాసుకోండి. వాటిలో ఎన్ని శరీరానికి సంబంధించినవో చూడండి.)

4. శిక్షణలో మొదటి మెట్టు: చికిత్సకులు తమను తాము చూసుకోవడం

డెరాల్డ్ వింగ్ సూ, ఆయన సహచరులు 1982లో, మళ్ళీ 1992లో సాంస్కృతిక సామర్థ్యానికి ఒక చట్రాన్ని ప్రతిపాదించారు. అందులో మూడు అంశాలు ఉన్నాయి: తన విలువల గురించిన ఎరుక, రోగి ప్రపంచం గురించిన జ్ఞానం, ఆ రెండింటినీ పనిలో పెట్టే నైపుణ్యం. నేటి శిక్షణ కార్యక్రమాలలో చాలావరకు ఈ చట్రం చుట్టూ అల్లినవే.

ఆచరణలో జరిగింది ఏమిటంటే, వీటిలో జ్ఞానం మిగతా రెండింటినీ మింగేసింది. ‘లాటినోలు కుటుంబానికి ప్రాధాన్యమిస్తారు’, ‘ఆసియావారు భావాలు బయటపెట్టరు’ వంటి జాబితాలను విద్యార్థులు బట్టీ పట్టారు. ‘భారతీయులు’ అనే శీర్షిక కింద అటువంటి జాబితా ఒకటి ఊహించండి. శ్రీకాకుళం మత్స్యకారుడు, హైదరాబాద్ పాతబస్తీ దర్జీ, ఆదిలాబాద్ గోండు మహిళ, డాలస్‌లోని సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, ఈ నలుగురికీ సరిపోయే వాక్యం ఒక్కటైనా ఉంటుందా? ఈ ప్రమాదాన్ని తప్పించడానికి స్టాన్లీ సూ 1998లో ఒక మంచి సూచన చేశారు. ఒక వర్గం గురించి తెలిసినది ఎదుట ఉన్న వ్యక్తికి ఎప్పుడు వర్తింపజేయాలో, ఎప్పుడు పక్కన పెట్టాలో తూచుకోవడమే అసలు నైపుణ్యం అన్నారు. అదే సంవత్సరం మెలనీ టెర్వలాన్, జాన్ మర్రే-గార్సియా ‘సాంస్కృతిక వినయం’ అనే భావనను ముందుకు తెచ్చారు. ఫలానా సంస్కృతి నాకు వచ్చేసింది అని చెప్పగలిగే రోజు ఉండదని, అది జీవితాంతం సాగే ఆత్మపరిశీలన అని, వైద్యుడికీ రోగికీ మధ్య ఉన్న అధికార భేదాన్ని కూడా అందులో చూడాలని వారి వాదన.

ఎరుకను నేర్పడానికి వాడే సాధనాలలో సాంస్కృతిక వంశవృక్షం ఒకటి. కెన్నెత్ హార్డీ, ట్రేసీ లాస్జ్‌లాఫీ దీనిని 1995లో కుటుంబ చికిత్సకుల శిక్షణ కోసం రూపొందించారు. విద్యార్థి తన మూడు తరాల కుటుంబాన్ని బొమ్మగా గీస్తాడు. ఎవరు ఎక్కడినుంచి వలస వచ్చారు, ఎవరి పెళ్ళికి ఎవరు అడ్డుపడ్డారు, ఇంట్లో ఏ విషయం గర్వంగా చెప్పుకునేవారు, దేన్ని దాచేవారు అన్నీ గుర్తిస్తాడు. తర్వాత దానిని తోటివారి ముందు వివరించాలి. మన దేశంలో ఈ అభ్యాసం చేయిస్తే కులం ప్రసక్తి రాకుండా బొమ్మ పూర్తికాదు. విద్యార్థులు ఇబ్బంది పడతారు. ఆ ఇబ్బంది పడవలసిందే. ఎందుకంటే రోగి ఇంటిపేరు, ఊరు వినగానే చికిత్సకుల మనసులో ఒక అంచనా తయారవుతుంది. అది తయారైందని కూడా వారికి తెలియదు.

5. రెండవ మెట్టు: అడగడం

ఎరుక కలిగాక రోగిని ఏమని అడగాలి? క్లైన్‌మన్ సూచించిన ప్రశ్నలు నేటికీ శిక్షణలో వాడుకలో ఉన్నాయి. ఈ బాధను మీరు ఏమని పిలుస్తారు? ఇది ఎందుకు వచ్చిందనుకుంటున్నారు? అప్పుడే ఎందుకు మొదలైంది? ఇది మిమ్మల్ని ఏం చేస్తోంది? దీని గురించి మీకున్న భయం ఏమిటి? ఎటువంటి చికిత్స కావాలనుకుంటున్నారు? రోగి తన జబ్బును తాను వివరించుకునే పద్ధతిని ఈ ప్రశ్నలు బయటికి తెస్తాయి.

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ నిర్ధారణ గ్రంథం నాలుగవ కూర్పులో (1994) సంస్కృతిని పరిశీలించడానికి ఒక రూపురేఖ మాత్రమే ఉండేది. దానిని వాడటం ఎలాగో చాలామందికి తెలియలేదు. 2013లో వచ్చిన ఐదవ కూర్పులో దాని ఆధారంగా 16 ప్రశ్నల ఇంటర్వ్యూను చేర్చారు. రాబర్టో లూయిస్-ఫెర్నాండెజ్ నాయకత్వంలో దీనిని ఆరు దేశాలలో పరీక్షించారు. వాటిలో భారతదేశం ఒకటి. ఇంటర్వ్యూ మొదట సమస్యను రోగి మాటల్లోనే రాబడుతుంది. తర్వాత కారణాలు, అండగా ఉన్నవారు, ఇంతవరకు చేసిన ప్రయత్నాలు, ఇప్పుడు కోరుకుంటున్న సాయం. చివరలో వచ్చే ఒక ప్రశ్న చాలా విలువైనది: వైద్యులకూ రోగులకూ నేపథ్యాలు వేరైనప్పుడు అపార్థాలు రావచ్చు, అటువంటి ఆందోళన మీకేమైనా ఉందా అని చికిత్సకులే నోరు తెరిచి అడుగుతారు. ఆ మాటను రోగి తనంతట తాను ఎత్తడం కష్టం.

6. ఒక సందర్భం

ఇప్పుడు ఒక ఊహా సందర్భాన్ని తీసుకుందాం. ఆమెకు 62 ఏళ్ళు. నరసరావుపేట దగ్గర పల్లె. భర్త పోయి ఏడాది అయింది. కొడుకు తన దగ్గరికి, న్యూజెర్సీలోని ఎడిసన్‌కు తీసుకువెళ్ళాడు. కడుపులో మంట, నిద్ర లేకపోవడం. పరీక్షలన్నీ చేశారు, ఏమీ లేదన్నారు. కుటుంబ వైద్యుడు చికిత్సకురాలి దగ్గరికి పంపాడు. కుంగుబాటును కొలిచే తొమ్మిది ప్రశ్నల ఫారం, అంటే మీరు గత పాఠంలో చూసిన 27 మార్కుల పీహెచ్‌క్యూ-9, కొడుకే చదివి పూర్తిచేశాడు. 4 మార్కులు వచ్చాయి. 10 దాటితేనే జాగ్రత్తగా చూడాలన్నది వాడుక.

చికిత్సకురాలు ఇంగ్లీషులో అడుగుతుంది: మీకు విచారంగా ఉంటోందా?

కొడుకు తల్లి వైపు తిరిగి, “అమ్మా, నీకిక్కడ ఏమైనా బాధగా ఉందా అని అడుగుతోంది” అంటాడు.

“బాధేముందిరా, మీరంతా బాగానే చూసుకుంటున్నారుగా.”

“లేదంటోంది” అని కొడుకు ఇంగ్లీషులో చెబుతాడు.

ఎవరూ అబద్ధం చెప్పలేదు. కానీ ప్రశ్న దారిలో మారిపోయింది. మనసు గురించి అడిగినది కొడుకు ఇంటి గురించిన ప్రశ్నగా తల్లి చెవిన పడింది. కొడుకు మీద ఫిర్యాదు కొడుకు నోటితోనే చెప్పమంటే ఏ తల్లి చెబుతుంది? అమెరికాలో 1964 పౌరహక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ నిధులు పొందే వైద్యసంస్థలు భాష రానివారికి భాషా సహాయం కల్పించాలి. కుటుంబసభ్యులతో, ముఖ్యంగా పిల్లలతో, అనువాదం చేయించవద్దని శిక్షణలో నొక్కి చెప్పేది ఇటువంటి కారణాల వల్లనే.

మరో రోజు శిక్షణ పొందిన తెలుగు దుబాసీ వచ్చింది. కొడుకు బయట కూర్చున్నాడు. ఈసారి చికిత్సకురాలు విచారం ఊసే ఎత్తలేదు. పొద్దున్న లేచినప్పటినుంచి రోజు ఎలా గడుస్తుందో చెప్పమంది.

“ఏముందమ్మా, ఎనిమిదింటికి అందరూ వెళ్ళిపోతారు. మళ్ళీ సాయంత్రం ఆరింటికి గాని మనిషి మొహం కనపడదు. ఆయన ఉన్నప్పుడు గేదెలూ చేనూ, క్షణం తీరేది కాదు. ఇప్పుడు నా చేతికి పనే లేదు. తిన్నది కడుపులో మండిపోతా ఉంటది. ఆ దేవుడు నన్నెప్పుడు తీసుకుపోతాడో.”

ఈ చివరి వాక్యం దగ్గర శిక్షణ పొందినవారికీ పొందనివారికీ తేడా తెలుస్తుంది. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఈ మాట మామూలుగానే అంటూ ఉంటారు. దుబాసీ దానిని ఊతపదంగా భావించి వదిలేయవచ్చు. లేదా మక్కికి మక్కి అనువదిస్తే, చికిత్సకురాలు కంగారుపడి అత్యవసర విభాగానికి ఫోన్ చేయవచ్చు. రెండూ సరైనవి కావు. దుబాసీ ఆ మాటను ఉన్నదున్నట్టు చెప్పి, తెలుగులో ఇది వాడుక మాట కూడా అని విడిగా తెలియజేయాలి. చికిత్సకురాలు అప్పుడు సూటిగా అడగాలి: “ఇంత బాధలో ఉన్నప్పుడు చాలామందికి బతకాలని అనిపించదు. మీకు అలా అనిపిస్తోందా అండీ? ప్రాణం తీసుకోవాలని ఎప్పుడైనా అనుకున్నారా?” ఇలా అడిగితే లేని ఆలోచన కొత్తగా పుడుతుందనే భయం విద్యార్థులలో చాలామందికి ఉంటుంది. దానికి ఆధారం లేదు. అడగకపోవడమే ప్రమాదం. (ఈ పాఠం చదువుతూ మీకు గాని మీవారికి గాని ఇటువంటి సాయం అవసరమనిపిస్తే, కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి-మానస్ సేవకు 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చు.)

ఆమెకు కుంగుబాటు ఉందా, లేక భర్త పోయిన దుఃఖమా, ఊరి మీద బెంగా? మూడూ ఉండవచ్చు. అంతర్వ్యక్తి చికిత్స గుర్తించే నాలుగు సమస్యా రంగాలలో రెండు, ఆత్మీయుల మరణం, జీవితపాత్ర మారడం, ఇక్కడ స్పష్టంగా కనిపిస్తున్నాయి. గేదెలను, చేనును చూసుకున్న మనిషి ఒక్క విమాన ప్రయాణంతో పనిలేని మనిషి అయింది. చికిత్స అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు.

7. చికిత్సను మలచడం

ఉన్న చికిత్సను కొత్త సమాజానికి తగినట్లు మార్చడంలో మొదటి క్రమబద్ధమైన ప్రయత్నాలలో ఒకటి ప్యూర్టో రికోలో జరిగింది. గియెర్మో బెర్నాల్, ఆయన సహచరులు 1995లో ఎనిమిది అంశాలను సూచించారు: భాష, వ్యక్తులు, ఉపమానాలు, సాంస్కృతిక విషయం, భావనలు, లక్ష్యాలు, పద్ధతులు, సందర్భం. ఈ పద్ధతిలో మలచిన రెండు చికిత్సలనూ కుంగుబాటు ఉన్న ప్యూర్టో రికో కౌమారుల మీద పరీక్షించి, చికిత్స కోసం వేచి ఉన్నవారికంటే వీరికి మేలు జరిగిందని 1999లో ప్రకటించారు. ఎనిమిది అంశాలను కంఠస్థం చేయనక్కరలేదు. భాష అంటే నిఘంటువు కాదని గ్రహిస్తే చాలు. స్పానిష్‌లో పెద్దవారిని ‘ఊస్తెద్’ అనాలి, అది మన ‘మీరు’ వంటిది. మొదటి రోజే ‘నువ్వు’ అనే చనువైన రూపం వాడిన చికిత్సకుడు, తాను స్నేహంగా ఉన్నాననుకుంటాడు. రోగికి అది అమర్యాద.

ఎక్కువ జాగ్రత్త అవసరమైనది సంజ్ఞానాత్మక చికిత్సలోని మూల పద్ధతి దగ్గరే. రోగికి కలిగే ఆలోచన నిజమేనా, దానికి ఆధారం ఏమిటి అని ప్రశ్నించడం అందులో కీలకం. ఒక నల్లజాతి ఉద్యోగి ‘మా పై అధికారి నన్ను తక్కువగా చూస్తాడు’ అన్నాడనుకోండి. చికిత్సకుడు ‘దీనికి ఆధారం ఏమిటి? ఇది అతిగా ఊహించుకోవడం కాదా?’ అని మొదలుపెడితే, రోజూ అనుభవించే అన్యాయాన్ని ఆలోచనా దోషంగా చూపినట్లవుతుంది. పమేలా హేస్ వంటివారు ఇచ్చే సలహా వేరు. బయట ఉన్న సమస్యను మొదట సమస్యగా ఒప్పుకోవాలి. దాని విషయంలో ఏం చేయగలమో చూడాలి. ఆ తర్వాతే, దాని చుట్టూ అల్లుకున్న ‘నేను ఎందుకూ పనికిరాను’ వంటి ఆలోచనను పరిశీలించాలి. అప్పుడు కూడా ‘ఇది నిజమా’ అని కాకుండా ‘ఇలా అనుకోవడం మీకు ఉపయోగపడుతోందా’ అని అడగడం మేలు. దైవం, కుటుంబం వంటి మూల విశ్వాసాలతో వాదానికి దిగకూడదు.

శాన్‌ఫ్రాన్సిస్కో జనరల్ ఆసుపత్రిలో రికార్డో మున్యోజ్, కర్ట్ ఆర్గనిస్టా స్పానిష్ మాట్లాడే పేద రోగులతో పనిచేస్తూ వాదన పద్ధతిని బాగా తేలిక చేశారు. రోగి ఆలోచనను సగం నిజంగా స్వీకరించి, ‘అవును, కానీ’ అనే మాటతో మిగతా సగాన్ని రోగి చేతనే పూర్తిచేయించేవారు. ‘డబ్బు లేదు, అవును, కానీ పిల్లలు బడికి వెళ్తున్నారు.’ అలాగే గట్టిగా తన మాట చెప్పడం నేర్పేటప్పుడు, భర్తకో అత్తగారికో ఎదురు చెప్పమని ఆమెను ఒంటరిగా ఇంటికి పంపకూడదు. గౌరవం చెడకుండా చెప్పే పద్ధతి ఆ సంస్కృతిలో ఏదో ఒకటి ఉంటుంది. ‘మీ ఇంట్లో ఈ మాట ఎవరు చెబితే వింటారు?’ అని ఆమెనే అడగాలి. మన దగ్గర మేనమామ చేత చెప్పించడం లేదా? అది అసమర్థత కాదు, ఒక నైపుణ్యం.

ఇంత శ్రమ ఫలిస్తుందా? గ్రైనర్, స్మిత్ 2006లో 76 అధ్యయనాలను కలిపి విశ్లేషించారు. సంస్కృతికి తగినట్లు మలచిన చికిత్సలకు మధ్యస్థ స్థాయి ప్రయోజనం కనిపించింది. అన్ని జాతులకూ కలిపి చేసినదానికంటే ఒక సమూహం కోసం ప్రత్యేకంగా మలచినది చాలా ఎక్కువగా పనిచేసింది. రోగి మాతృభాషలో చేసిన చికిత్స, ఇంగ్లీషులో చేసినదానికంటే రెండింతలు ఫలవంతంగా కనిపించింది.

8. తమ జాతివారైతే చాలా?

‘అయితే తెలుగువారికి తెలుగు చికిత్సకులు, నల్లజాతివారికి నల్లజాతి చికిత్సకులు ఉంటే సరిపోతుంది కదా’ అని మీరు అడగవచ్చు. కబ్రాల్, స్మిత్ 2011లో చేసిన విశ్లేషణ దీనికి ఆసక్తికరమైన జవాబు ఇచ్చింది. రోగులు తమ జాతి చికిత్సకులనే బలంగా కోరుకుంటారు. అటువంటివారిని కొంత మెరుగ్గా అంచనా వేస్తారు కూడా. కానీ చికిత్స ఫలితంలో సగటున తేడా దాదాపు లేదు. నల్లజాతి రోగులలో మాత్రం కొద్దిపాటి తేడా కనిపించింది.

మన అనుభవం నుంచి ఆలోచిస్తే ఇది వింత కాదు. విదేశంలో ఉన్న తెలుగు సమాజం చిన్నది. తెలుగు చికిత్సకురాలు కనిపించగానే రోగికి మొదట కలిగే ప్రశ్న ‘ఈమె ఎవరి అమ్మాయో, మా వాళ్ళెవరికైనా తెలుసేమో’ అని. బతుకమ్మ దగ్గర, ఉగాది సభలో మళ్ళీ ఎదురుపడతామనే భయం ఉంటుంది. అటువంటప్పుడు పరాయివారే నయమనిపించవచ్చు. ఇటు చికిత్సకురాలికి కూడా ఒక చిక్కు ఉంది. భాష కలిసింది కనుక అంతా అర్థమైందనుకుని, అడగవలసింది అడగదు.

9. గది బయట

జీన్ మిరాండా బృందం వాషింగ్టన్ పరిసరాలలో తక్కువ ఆదాయం గల, ఎక్కువమంది నల్లజాతికీ లాటినో వర్గానికీ చెందిన 267 మంది యువతుల మీద చేసిన అధ్యయనం 2003లో వెలువడింది. మందులు తీసుకున్నవారికి, సంజ్ఞానాత్మక ప్రవర్తనా చికిత్స పొందినవారికి, స్థానిక సేవలకు పంపినవారికంటే మేలు జరిగింది. ఫలితం కంటే వారు చేసిన ఏర్పాట్లు మీరు గమనించాలి. ప్రయాణ ఖర్చులు ఇచ్చారు, చికిత్స సమయంలో పిల్లలను చూసుకునే ఏర్పాటు చేశారు, రాని మహిళలకు పదేపదే ఫోన్ చేశారు. రెండుసార్లు రాని రోగి పేరు ఎదుట ‘ఆసక్తి లేదు’ అని రాసే అలవాటు చాలా ఆసుపత్రులలో ఉంది. ఆమెకు బస్సు ఉందా, చంటిబిడ్డను ఎక్కడ దింపి రావాలి అని ఆరా తీయడం కూడా చికిత్సకుల పనేనని శిక్షణలో నేర్పాలి.

10. శిక్షణ ఎలా ఇవ్వాలి

ఒక పూట వర్క్‌షాపు పెట్టి, స్లైడ్లు చూపించి, సర్టిఫికెట్ ఇచ్చేస్తే విషయం తెలుస్తుంది గాని పని మారదు. పనిని మార్చేది పర్యవేక్షణలో సాగే అభ్యాసం. మంచి కార్యక్రమాలలో విద్యార్థి ముందు నటుల చేత రోగి పాత్ర వేయించి ఇంటర్వ్యూ చేయిస్తారు. దుబాసీతో పనిచేయడం విడిగా నేర్పుతారు: రోగి వైపు చూస్తూ మాట్లాడటం, చిన్న వాక్యాలు వాడటం, ముందు ఐదు నిమిషాలు, తర్వాత ఐదు నిమిషాలు దుబాసీతో కూర్చోవడం. తర్వాత అసలు రోగులతో, వారి అనుమతితో, సంభాషణను రికార్డు చేస్తారు. వారం వారం పర్యవేక్షకులతో కలిసి వింటారు. ‘ఇక్కడ ఆమె దేవుడి పేరెత్తింది, మీరు మాట మార్చారు, ఎందుకు?’ అని పర్యవేక్షకులు ఆపి అడుగుతారు.

డిగ్రీలు లేనివారికి కూడా ఈ శిక్షణ ఇవ్వవచ్చు. జింబాబ్వేలో మనోవైద్యుడు డిక్సన్ చిబాండా 2006లో హరారేలోని ఎంబారే ప్రాంతంలో 14 మంది అవ్వలతో ‘స్నేహపు బల్ల’ అనే కార్యక్రమం ప్రారంభించారు. ఆసుపత్రి ఆవరణలో చెట్టు కింద బెంచీ మీద కూర్చుని, ‘కుఫున్గిసిసా’తో బాధపడేవారి మాట విని, ఒక సమస్యను ఎంచుకుని దానికి దారి వెతకడం వారి పని. చికిత్సలోని దశల పేర్లు కూడా ‘మనసు తెరవడం’, ‘పైకి లేపడం’, ‘బలపరచడం’ అనే అర్థాలిచ్చే షోనా మాటలే. 573 మందితో చేసిన పరీక్షలో ఈ పద్ధతి మామూలు వైద్యసేవ కంటే మెరుగ్గా పనిచేసిందని 2016లో వెల్లడైంది. మన దేశంలోనూ గోవాలో విక్రమ్ పటేల్ బృందం, స్థానికులైన సామాన్య సలహాదారులకు శిక్షణ ఇచ్చి, తీవ్రమైన కుంగుబాటు ఉన్నవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఆరు నుంచి ఎనిమిది సమావేశాల చికిత్స అందించింది. దాని మేలును 2017లో చూపింది. అక్కడ కూడా జబ్బు పేరుతో గాక, రోగులు వాడే ‘టెన్షన్’ వంటి మాటలతోనే సంభాషణ సాగింది.

శిక్షణ ఫలించిందా అని తెలుసుకోవడంలో ఒక పాత లోపం ఉంది. చాలా అధ్యయనాలలో చికిత్సకులనే ‘మీ సాంస్కృతిక సామర్థ్యం ఎంత?’ అని అడిగి మార్కులు వేశారు. తమకు తాము వేసుకునే మార్కులు ఎప్పుడూ ఎక్కువే. రోగులు వేసినవి వాటితో సరిపోలవు. అందుకని కొన్ని చోట్ల ప్రతి సమావేశం చివర ఒక చిన్న కాగితం రోగికే ఇస్తున్నారు. నేను చెప్పదలచుకున్నది ఈరోజు చెప్పగలిగానా, నన్ను గౌరవంగా చూశారా, నాకు ముఖ్యమైన విషయం గురించే మాట్లాడామా అన్నవి అందులోని ప్రశ్నలు. చదవలేనివారికి చికిత్సకులు కాక మరొకరు, వారి భాషలో చదివి వినిపిస్తారు. ఆ కాగితం నేరుగా పర్యవేక్షకుల చేతికి వెళ్తుంది. మరుసటి వారం రికార్డింగ్ వినేటప్పుడు అది పక్కన ఉంటుంది.